తీగ మీద ఎవరున్నారు?

నరేంద్రబాబు దోసిట్లో తెచ్చిన రొయ్యల్ని గడప మీద కుమ్మరించాడు. అవి ఇంకా కొట్టుకుంటున్నాయి. ఒకటి ఎగిరి గంగాభవాని బూటు మీద పడింది.

"చూడు మే ఏఈ మేడం. నిన్న సాయంత్రం మేత తిన్న రొయ్య ఇది. ఇప్పుడు కట్ట వారకొచ్చి తేల్తాండాది. నీ కరెంటు ఎప్పుడొస్తాదో దానికే చెప్పు. నాకొద్దు."

ఆ ప్రాంతం కరెంటు ఆఫీసులో భవాని అసిస్టెంట్ ఇంజనీరు. ఆమె చెవి దగ్గర ఫోనుంది. అవతల సబ్‌స్టేషన్ ఆపరేటర్ హజరత్తయ్య మళ్ళీ అదే మాట చెబుతున్నాడు. లైన్‌కు కరెంటు ఎక్కించాను, నిలబడలేదు, పడిపోయింది.

మంచు దిగే వేళకు పోయిన కరెంటు ఇంకా రాలేదు. పాళెంలో సగం ఇళ్ళు సముద్రంలో వేట మానుకొని రొయ్యల గుంటలు తవ్వినవే. ఏరేటర్లు నీళ్ళను చిలకకపోతే గుంటలో గాలి ఉండదు. అసలే మబ్బు పట్టి ఉంది, ఎండ వచ్చి నీటిని ఆదుకునేలా లేదు. నరేంద్రబాబు జనరేటర్ కాసేపు ఈడ్చి, వేడెక్కి ఆగిపోయింది. ఇంకాస్త పొద్దెక్కితే తేలిన రొయ్య మళ్ళీ కిందికి దిగదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

"చిన్నాయనా, లైన్ యాడ దెబ్బతినిందో తెలిసింది. పోతాండా," అంది భవాని లేస్తూ.

వసారాలో పీట మీద కూర్చుని టీ తాగుతున్న కామాక్షయ్య గ్లాసు కింద పెట్టాడు. కూతురి వైపు చూడలేదు. భార్య వైపు తిరిగాడు.

"పేరమ్మా, మీ ఆఫీసరుకు చెప్పు. ఎవుర్నడిగినా చెప్తారు యాడ దెబ్బతింటాదో. సరుగుడు తోపు కాడ. నా సర్వీసంతా ఈ లైన్ పడింది అక్కడే. గాలికి కొమ్మ ఊగి తీగకు తగలతాది. అంతే."

పేరమ్మ ఇద్దరి మధ్యా నిలబడి రొయ్యల్ని చేటలోకి ఎత్తుతోంది. తండ్రీ కూతుళ్ళ మాటలు తన మీదుగా అటూ ఇటూ పోవడం మొదలై వారం దాటింది.

అది మొదలైన రోజునే భవాని తన సెక్షన్‌లో ఒక కట్టడి పెట్టింది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించుకుంటాడు. ఎల్‌సీ తీసుకోవడం అంటారు దాన్ని. ఇక మీదట గొంతు గుర్తుపట్టి ఎవరికీ ఎల్‌సీ ఇవ్వకూడదంది. ఫోనుకు వచ్చే కోడు చెప్పాలి, ఎక్కినవాడి పేరు సబ్‌స్టేషన్ తెర మీద పడాలి. ఎవరు తీసుకున్నారో వాళ్ళే తిరిగి ఇవ్వాలి.

లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్ అయిన కామాక్షయ్య ఉద్యోగమంతా గొంతు మీదే నడిచింది. "హజరత్తయ్యా, నేను కామాక్షయ్యని" అంటే చాలు, అవతల స్విచ్చి పడిపోయేది. తుఫానులో, హోరుగాలిలో, సగం మాట వినపడినా హజరత్తయ్య ఆ గొంతును పోల్చుకునేవాడు. దిగాక మళ్ళీ అదే గొంతు వినపడితే తప్ప మంత్రి ఫోన్ చేసినా లైన్ ఎక్కించేవాడు కాదు. రిటైరై కూర్చున్న మనిషికి కూతురు పెట్టిన కట్టడి ఒకే విధంగా అర్థమైంది. ఇంక నీ గొంతు చెల్లదు.

"తోపు కాడ కాదమ్మా," అంది భవాని కూడా తల్లితోనే. "సబ్‌స్టేషన్‌లో రిలే మిషను ఫాల్టు దూరం లెక్కగట్టి చూపిస్తాది. ప్రతిసారీ ఒకే దూరం చూపించింది. ఉప్పు కాలవ దాటినాక."

"మా నాయన ఉత్త కాళ్ళతో లైన్ వెంబడి నడిచి ఫాల్టు పట్టినాడు. నేను సైకిల్ మీద పోయి పట్టినా. ఈమె మంచం మీద కూర్చొని ఫోన్‌లో పట్టింది," అన్నాడు కామాక్షయ్య. తమ్ముడి వైపు చూసి నవ్వాడు. "నరేంద్రా, నీకు తెలవదా? ట్రైనింగ్‌లో కంప్యూటర్‌లో బొమ్మ చచ్చిపోయిందని ఏడ్చిన ఇంజనీరు ఈమె."

నరేంద్రబాబు నవ్వలేదు. పేరమ్మ మాత్రం చేట విదిలించింది.

ఆ మాట ఇంట్లో పాతదే. భవాని ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రైనింగ్ సెంటర్‌లో ఒక నమూనా సబ్‌స్టేషన్ ముందు కూర్చోబెట్టారు. అంతా తెర మీదే. స్విచ్చిలు, లైన్లు, స్తంభాలు, స్తంభాల మీద పసుప్పచ్చ టోపీల బొమ్మలు. భవాని ఒక ఫాల్టు సరిచేసి లైన్ ఎక్కించింది. మూలన ఒక బొమ్మ కింద పడిపోయింది. క్లాసంతా నవ్వారు. ఆమె బాత్‌రూమ్‌లోకి పోయి చాలాసేపు రాలేదు. తిరిగొచ్చాక బోధకుడు ఒకటే అన్నాడు: తెర మీద అంతా సరిగ్గానే ఉందమ్మా, తీగ మీద ఎవరున్నారో నువ్వు అడగలేదు.

సెలవుకు ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే కామాక్షయ్య పడీ పడీ నవ్వాడు. ఆయన ఐటీఐలో చేరిన మొదటి రోజునే మాస్టారు స్తంభం ఎక్కించి, బెల్టు కట్టించి, మధ్యాహ్నం అన్నం పొట్లం తాడుతో పైకి పంపాడట. కిందికి చూడకుండా తింటే పాసు. అంతకు ముందు ఆయన తండ్రి చెంచురామయ్యకు ఆ మాత్రం చదువూ లేదు. మేస్త్రీ వెనక నిచ్చెన మోశాడు. అడిగితే చెంపదెబ్బ, అడక్కపోతే షాకు. అదే ఆయన బడి. అలాంటి ఇంట్లో పుట్టి బొమ్మ కోసం ఏడవడమేమిటని నవ్వు.

భవాని టోపీ పెట్టుకుని మెట్లు దిగింది. లైన్‌మన్ కిషోర్ బైకు మీద సిద్ధంగా ఉన్నాడు.

"నాయనా, తోపు వైపు పోబాకు," అంది వెనక్కి తిరగకుండా. వారంలో ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

ఆయన గోడ మేకుకు వేలాడుతున్న తన తోలు బెల్టు వైపు చూశాడు.

* * *

ఉప్పు కాలవ అవతల గాలికి అడ్డం లేదు. సముద్రం మీదనుంచి వచ్చే తడి తిన్నగా తీగల మీదికే వస్తుంది. వానలు వెనకబడిన ఏడాది తీగల్ని మోసే పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పొరలు పొరలుగా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. మంచు తగిలి తడిసిందా, కరెంటు ఆ ఉప్పు మీదుగానే స్తంభంలోకి దూకుతుంది.

భవాని తన పేరు మీద ఎల్‌సీ తీసుకుంది. కోడు చెప్పింది. పొరపాటున కరెంటొచ్చినా నేలలోకి పోయేలా రాడ్లతో తీగల్ని భూమికి కలిపింది. అప్పుడు కిషోర్‌ను ఎక్కమంది.

రిలే చూపిన దూరానికి కాస్త అటూ ఇటూగా ఉన్న స్తంభాల్ని కిషోర్ ఒక్కొక్కటే ఎక్కి దిగాడు. కట్ట మీద జనం చేరారు. ఒకరు తోపు కాడ చూడమన్నారు, ఇంకొకరు పాత లైన్ ఇన్‌స్పెక్టర్ కామాక్షయ్యగారిని పిలిపించమన్నారు. ఆడపిల్ల కదా, ఎక్కకుండా కింద నిలబడి చెబితే పనెట్లా అవుతుందని ఒక ముసలాయన పక్కవాడితో అన్నాడు. ఆమెకు వినపడేలాగే అన్నాడు.

"మేడం," అన్నాడు కిషోర్ పైనుంచి. "ఉండాది. చీలిపోయింది. నల్లగా కాలిన గీత ఉండాది పైనుంచి కింది దాకా."

ముసలాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. జనంలో నిలబడిన నరేంద్రబాబు మొహం కొద్దిగా విచ్చుకుంది.

కొత్త ఇన్సులేటర్ పైకెక్కింది. ఈలోగా భవాని రైతుల వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పంపింది. అందరూ స్టార్టర్లు ఆపి ఉంచండి. కరెంటు రాగానే అందరూ ఒక్కసారి మోటార్లు వేస్తే మళ్ళీ పడిపోతుంది. కాలవ వైపు వాళ్ళు ముందు, తోపు వైపు వాళ్ళు తర్వాత. ఇదే మాట చెప్పడానికి కామాక్షయ్య తన రోజుల్లో సైకిల్ బెల్లు మోగిస్తూ కట్టలన్నీ తిరిగేవాడు.

కిషోర్ దిగాడు. రాడ్లు తీశారు. భవాని సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"మేడం, నేను క్రీస్తురాజును," అంది అవతలి గొంతు. కొత్తగా చేరిన ఆపరేటర్. "షిఫ్టు మారింది. హజరత్తయ్యన్న ఇప్పుడే పోయినాడు."

"తెర మీద ఎన్ని పేర్లుండాయి?"

"మీదొక్కటే మేడం. మీరు కోడు చెప్పి ఎల్‌సీ వదిలేస్తే ఎక్కించేస్తా."

తెర శుభ్రంగా ఉంది. పని శుభ్రంగా ముగిసింది. కట్ట మీద జనం స్టార్టర్ పెట్టెల వైపు పరుగులు తీస్తున్నారు. కోడు చెప్పడానికి భవాని నోరు తెరిచింది.

అదే సమయంలో ఫోన్‌లో రెండో పిలుపు మోగింది. అమ్మ.

పనిలో ఉండగా భవాని ఇంటి ఫోన్ ఎత్తదు. ఎందుకో క్రీస్తురాజును ఆగమని ఎత్తింది.

"మీ నాయన నీ కాడికొచ్చినాడా?" అంది పేరమ్మ. "టిఫిన్ తినకుండా స్కూటర్ తీసుకొని పోయినాడు. కోపం తగ్గి నీకు సాయం వచ్చినాడేమో అనుకున్నా. గోడ మీద బెల్టు లేదు మే."

భవానికి గాలి హోరు వినపడటం ఆగిపోయింది.

పసుప్పచ్చ టోపీ బొమ్మ తెర మూలన పడిపోవడం కనిపించింది. బెల్టు కట్టుకుని ఆయన ఎక్కడికి పోతాడో ఆమెకు తెలుసు. ఎక్కే ముందు ఎవరికి ఫోన్ చేసి ఉంటాడో తెలుసు. హజరత్తయ్య ఆ గొంతు విని సరే అని ఉంటాడు. పాత రోజుల్లో అయితే ఆ మాట షిఫ్టు మారేటప్పుడు పక్కవాడికి గట్టిగా చెప్పేవాడు. ఇప్పుడు చెప్పడు. చెప్తే కట్టడి తప్పినట్టు బయటపడుతుంది; కూతురి ఎల్‌సీ ఎలాగూ ఉందిలే అనుకుని ఉంటాడు. తాను పెట్టిన కట్టడే ఆ మాటను దాచిపెట్టింది.

"రాజూ," అంది క్రీస్తురాజు పిలుపులోకి తిరిగి వెళ్ళి. "లైన్ ఎక్కించబాకు. కోడు పంపినా, ఎవరు చెప్పినా ఎక్కించబాకు. నా గొంతు వినేదాకా ఆ స్విచ్చి మీద చెయ్యి పెట్టొద్దు."

అన్నాక తెలిసింది ఏమన్నదో. నా గొంతు వినేదాకా.

తండ్రికి ఫోన్ చేసింది. మోగింది. మోగి మోగి ఆగింది. ఆయన స్తంభం ఎక్కేటప్పుడు చొక్కా విప్పి స్కూటర్ మీద పెడతాడు. ఫోన్ చొక్కా జేబులో ఉంటుంది.

నరేంద్రబాబు పరుగెత్తుకొచ్చాడు. పని అయిందని అందరూ చూశారు, ఇంకా ఎందుకు ఆపినావన్నాడు. పిల్లోడికి చెప్పినట్టు రొయ్యలకు ఆగమని చెప్పాలా అన్నాడు. భవాని బైకు వైపు నడుస్తుంటే అడ్డం వచ్చి చేతిలో ఫోన్ లాక్కున్నాడు. ఫోన్ తెర మీద, ఆపి ఉంచిన క్రీస్తురాజు పిలుపు ఇంకా వెలుగుతోంది.

"నేను చెప్తా వాడికి. ఏఈ మేడం చెప్పమనిందని చెప్తా."

ఫోన్ చెవికి ఆనించాడు. భవాని లాక్కోలేదు.

"చెప్పు చిన్నాయనా. నాయన తోపు కాడ తీగ మీద ఉండాడు. చెప్పు."

నరేంద్రబాబు చెయ్యి అలాగే ఉండిపోయింది. ఫోన్‌లోంచి "హలో, హలో" అని వినపడుతోంది. వెనక గుంటలో రొయ్యలు నీటి పైన చిటచిట కొట్టుకుంటున్న చప్పుడు. ఆయన ఒకసారి నీళ్ళ వైపు చూశాడు. ఒకసారి తోపు వైపు చూశాడు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ఆమె చేతిలో పెట్టాడు.

"పో తల్లీ," అన్నాడు. "పోతే గుంట పోనీ. పో."

* * *

కిషోర్ బైకు కట్ట మీద ఎగిరెగిరి పడింది.

సరుగుడు తోపు మొదట్లో స్కూటర్ ఉంది. సీటు మీద చొక్కా ఉంది. జేబులో ఫోన్ మోగుతోంది. నరేంద్రబాబు ఆపకుండా చేస్తున్నాడు.

కామాక్షయ్య స్తంభం మీద ఉన్నాడు. నడుముకు తోలు బెల్టు, చేతిలో కొడవలి. తీగ మీద భుజం ఆనించి, అవతలికి వంగి కొమ్మ కొడుతున్నాడు. భూమికి కలిపే రాడ్డు లేదు, చేతులకు తొడుగుల్లేవు. హజరత్తయ్య మాట ఉంది, చాలనుకున్నాడు.

భవాని బైకు దిగి స్తంభం కిందికి వచ్చింది. అరిస్తే ఆయన ఉలిక్కిపడతాడు.

"దిగు నాయనా," అంది మామూలు గొంతుతో.

ఆయన కిందికి చూశాడు. కూతురి మొహం చూశాడు.

"అక్కడ ఫాల్టు దొరికిందా?"

"దొరికింది. కొత్తది పెట్టేసినాం."

"మరి లైన్ ఎక్కించలేదేంది?"

"ఎక్కించబోయినా. ఆపినా."

కొడవలి జారి కింద పడింది. కావాలని వదిలాడో, చేతిలోంచి జారిందో కిషోర్‌కు తెలియలేదు. కామాక్షయ్య భుజం తీగ మీదనుంచి తీశాడు. తీసిన భుజాన్ని ఒకసారి చేత్తో తడుముకున్నాడు.

"హజరత్తయ్య?" అన్నాడు.

"డ్యూటీ దిగిపోయినాడు. కొత్త పిల్లోడుండాడు. తెర మీద నీ పేరు లేదు."

ఆయన దిగాడు. ఎక్కేటప్పటి హుషారు దిగేటప్పుడు లేదు, ఒక్కో అడుగూ వెతుక్కుని పెట్టాడు. నేల మీద కాళ్ళు ఆనాక బెల్టు విప్పాడు. దులిపాడు. చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు, పై గుండీతో సహా.

తోపు వైపు రైతులు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు ఏమైందో తెలియదు. ఏదో జరిగిందని మాత్రం తెలిసింది.

కామాక్షయ్య కూతురి ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెద్ద ఇంజనీర్లు తనిఖీకి వచ్చినప్పుడు ఎలా నిలబడేవాడో, అలా నిలబడ్డాడు.

"మేడం," అన్నాడు. గొంతు సర్దుకున్నాడు. "కామాక్షయ్య. సరుగుడు తోపు లైన్. మనుషులు దిగినారు. సామాను తీసినాం. తీగ మీద ఎవురూ లేరు. లైన్ మీకు తిరిగి ఇస్తాండా."

కిషోర్ తల దించుకున్నాడు. భవాని ఆయన కళ్ళలోకి చూసింది. వెక్కిరింపు కోసం వెతికింది. లేదు.

"తీసుకుంటున్నా," అంది.

ఫోన్ ఎత్తింది. కోడు చెప్పింది. "రాజూ, నేను గంగాభవానిని. తీగ మీద ఎవరూ లేరు. ఎక్కించు."

తోపు నిశ్శబ్దంగా ఉంది. కామాక్షయ్య చెవి స్తంభం వైపు ఒరిగింది. ఎన్ని వేల సార్లు విన్నాడో ఆ సన్నటి గుంయిమనే చప్పుడు. వచ్చింది.

ఒక ఊపిరి. రెండో ఊపిరి. పడిపోయేదైతే ఇక్కడే పడిపోవాలి.

పడలేదు.

దూరాన కాలవ వైపు ఒక మోటారు గుర్రుమంది. దాని పక్కనే ఇంకొకటి. వరసలో ఇంకొకటి. ఏ గుంటకు ఎప్పుడు చెప్పిందో ఆ గుంట అప్పుడే లేచింది, ఎవరూ తొందరపడలేదు. నల్లగా పడి ఉన్న నీళ్ళ మీద తెల్లటి నురగ గీతలు కాలవనుంచి పాళెం దాకా, పాళెం నుంచి తోపు దాకా నడుచుకుంటూ వచ్చాయి. తోపు వైపు రైతు స్టార్టర్ నొక్కి వెనక్కి తిరిగి, తలపాగా ఊడదీసి గిరగిరా తిప్పాడు. కట్టలన్నిటి మీదా ఈలలు లేచాయి. ఎక్కడో ట్రాక్టర్ వాడు హారన్ కొట్టి ఆపడం మర్చిపోయాడు.

నరేంద్రబాబు ఫోన్ చేశాడు. మాటలు సరిగ్గా రావడం లేదు. వారన కొన్ని పోయాయని, మిగతాది నిలబడిందని చెప్పాడు. "రొయ్య కిందికి దిగతాండాది మే. మా అన్న దిగినాడా?"

"దిగినాడు."

అవతల ఆయన ఫోన్‌ను ఏరేటర్ల వైపు పట్టి ఆ హోరు వినిపించాడు.

కాలవ కట్ట మీద నిలబడిన ముసలాయన మోపెడ్ మీద అక్కడిదాకా వచ్చాడు. కింద నిలబడి చెబితే కూడా పనవుతుందమ్మా అని ఒప్పుకున్నాడు. పాళెంలో ఇంకెవరి ఇంట్లోనైనా ఇట్లాంటి పిల్ల పుట్టిందా అని కామాక్షయ్యనే అడిగాడు. ఆయన ఆ మాట విననట్టు బెల్టు చుట్ట చుడుతున్నాడు. మొహం మాత్రం విన్న మొహమే.

ముసలాయన పోయాక చుట్టిన బెల్టును కిషోర్ చేతిలో పెట్టాడు. ఆఫీసు స్టోర్‌లో ఇచ్చేయమన్నాడు. తర్వాత కూతురి పక్కకు వచ్చాడు. వారం తర్వాత, మధ్యలో పేరమ్మ లేకుండా, తండ్రిగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"అమ్మణ్ణీ, ఆ బొమ్మ ఎట్ట చచ్చిపోయింది?"

భవాని స్తంభం పైకి చూసింది, ఆయన భుజం ఆనిన చోటికి.

"ఇట్టనే నాయనా. నేను ఒక చోట బాగు చేసి లైన్ ఇచ్చినా. అది ఇంకో చోట ఉండాది. దాని పేరు తెర మీద లేదు."

కామాక్షయ్య తల ఊపాడు. "మంచి పని చేసినావు," అన్నాడు. "ఆ రోజు ఏడ్చి."

ఆమె నవ్వింది. నవ్వుతూ ఉండగానే కళ్ళు తుడుచుకుంది. ఆయన నురగ గీతల వైపు తిరిగి ఆ నవ్వునూ కళ్ళనూ ఆమెకే వదిలేశాడు.

అప్పుడు ఫోన్ మోగింది. డీఈ గారు.

ఆమె పై అధికారి డీఈ ఆఫీసులో కూడా అదే తెర ఉంటుంది. పని ముగిసిందని ఆపరేటర్ రాసుకున్న సమయం, లైన్ ఎక్కిన సమయం అందులో పడతాయి. రెండిటికీ మధ్య ఎడం ఉంది.

"అభినందనలమ్మా గంగాభవానీ," అన్నారు డీఈ గారు. "ఫాల్టును రిలేతోనే పట్టేశావట. ఒకటి అడగాలి. పని అయిపోయాక లైన్ ఎందుకు ఆపావు? తీగ మీద ఎవరన్నా ఉన్నారా?"

స్పీకర్ గట్టిది. కామాక్షయ్యకు వినపడింది. ఉన్నారని చెబితే హజరత్తయ్య ఉద్యోగం మీదికి వస్తుంది. తన మీద కేసు కూడా పెట్టొచ్చు. లేరని చెబితే రేపు ఇంకో తోపులో ఇంకో గొంతు, ఇంకో పాత స్నేహం.

భవాని ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి తండ్రి వైపు చూసింది.

కామాక్షయ్య చొక్కా పై గుండీ మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

"ఇటియ్యి మేడం," అన్నాడు. "ఎల్‌సీ తీసుకున్నది నేను. నేనే తిరిగి ఇయ్యాల."